చిత్రకథయు సహృదయుడును

మన యాలంకారికులు కావ్యమును ఉత్తమము, మధ్యమము, అధమము నని మూడు తెగలుగా విభజించి, చిత్రకావ్యమును కడపటి తెగలో జేర్చిరి. వ్యంగ్యార్థము స్ఫుటముగా లేక, శబ్దవైచిత్రితోడనో అర్థవైచిత్రితోడనో తృప్తి నొందు రచన చిత్రకావ్యమని మమ్మటుని మతము. పద్మబంధ నాగబంధాదు లీ కోవలోనివే. ఈ 'చిత్ర' శబ్దము వలన గలిగిన యపకారము స్వల్పము కాదు. బొమ్మల వరుసతో నడచు కథకు చిత్రకథ యను పేరు పడినంతనే, పండితుల మనస్సులలో నా పాత తీర్పే దీనికిని సంక్రమించినట్లు కనబడుచున్నది. కామిక్సు అను పరభాషా నామముతో వచ్చినప్పుడు మరింత చులకన.

చిత్రకథపై మోపబడు నాక్షేపణలు మూడు. బొమ్మ కథను కన్నుల యెదుట నిలుపుటచే పఠితయొక్క భావనాశక్తి కుంటువడు నని మొదటిది. అది బాలుర వినోదమే కాని పెద్దలు పఠింపదగినది కా దని రెండవది. దానియం దాసక్తి విశేషముగా గలవారు పొత్తములు కూడబెట్టుటయందును, వేషములు ధరించి సభలు చేయుటయందును కాలము గడపుదురే కాని సాహిత్యజ్ఞానము నొంద రని మూడవది. ఎనిమిదేండ్ల ప్రాయమున చిత్రకథ చేతబట్టి, డెబ్బదేండ్లు నిండినను విడువని పఠితలు తెలుగునాట పెక్కండ్రు గలరు. వారిని బాల్యము వీడనివారని త్రోసిపుచ్చవలెనా, సహృదయులని యెన్నవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము పాశ్చాత్యదేశములలో వెదకుటకు ముందు కృష్ణామండలపు మెట్టసీమలోనే వెదకదగియున్నది.

బెజవాడనుండి హైదరాబాదునకు బోవు రాజమార్గమున నందిగామ గలదు. అది దాటి మరికొంత దూర మేగిన జగ్గయ్యపేట. ఈ రెండును 2022వ సంవత్సరమున నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినవి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర నిలిపిన యీ పేట పూర్వనామము బేతవోలు. 1882వ సంవత్సరమున బర్జెస్సు దొర పరిశోధనకై వచ్చునప్పటికి జగ్గయ్యపేట నందిగామ తాలూకాలోనిది. ఊరి చెంత నున్న బౌద్ధస్తూపపు దిబ్బను జనులు ధనబోడు అని పిలుచుచుండిరి. ఆ దిబ్బలో దొరకిన శిలాఫలకములలో మాంధాతృచక్రవర్తి శిల్పము మిక్కిలి ప్రసిద్ధము. అది క్రీస్తుపూర్వపు టొకటవ శతాబ్దమునాటి దని పండితులు నిర్ణయించిరి. ఇప్పుడు చెన్నపురి ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది.

ఆ ఫలకమున చక్రవర్తి నడుమ నిలిచి చేయి పైకెత్తియున్నాడు. మీది మేఘములనుండి నాణెములు కురియుచున్నవి. అవి గుండ్రనివి కావు, చదరపువి. ఆ కాలమున వాడుకలోనున్న ముద్రాంకిత నాణెముల యాకారమే శిల్పి చెక్కినాడు. చక్రవర్తి చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, రాణి మొదలగు రత్నము లేడును గలవు. శిల్పి చూపిన దింతే. జాతకకథ యింతటితో ముగియదు. మాంధాత రత్నవర్షముతో తృప్తిపడక స్వర్గమునకు బోయి, అచ్చట నింద్రునితో సమానముగా రాజ్యమేలి, అంతటను తృప్తి లేక యింద్రుని బదవియే తనదిగా గోరి, తుదకు భూమిపై బడి మరణించినాడు. శిల్పి యీ పతనమును చెక్కలేదు. కథ యెరిగిన భక్తుడు ప్రదక్షిణము చేయుచు నా యెత్తిన చేతిని జూచును; దిగజారబోవు చేయి యదియే యని తలచును. నాణెముల వాన రాతియందున్నది. పతనము చూచువాని మనస్సునం దున్నది. కథయొక్క రసము మొదటిదానివలన గాక, రెండవది మొదటిదానితో గలియుటవలన బుట్టుచున్నది.

చిత్రకథా విమర్శకు మూలసూత్ర మిచ్చటనే దొరకుచున్నది. చిత్రకథయందు రసము చిత్రములోపల నుండదు. చిత్రమునకును చిత్రమునకును నడుమనున్న ఖాళీచోట నుండును. మొదటి గడిలో వీరుడు ఖడ్గ మెత్తినాడు. రెండవ గడిలో రక్కసి నేలబడియున్నది. దెబ్బ యే గడిలోను లేదు. దెబ్బ కొట్టినవాడు పఠిత. ఆ దెబ్బ యెంత బలమైనదో, రక్కసి యెట్లు కూలెనో, నడుమ నెంత కాలము గడచెనో చిత్రకారుడు చెప్పలేదు. పఠిత తనకు దానే చెప్పుకొనెను. 1993లో స్కాట్ మెక్లౌడ్ అను అమెరికా చిత్రకారుడు చిత్రకథాస్వరూపమును గూర్చి చిత్రకథారూపముననే యొక గ్రంథము వ్రాసి యీ విషయమునే విపులముగా జర్చించెను. మన ధ్వనివాదులకిది క్రొత్త గాదు. చెప్పినదానివలన జెప్పనిది తోచుటయే ధ్వని. కాగా చిత్రకథ, ఉత్తమముగా నున్నచోట, మమ్మటుడు అధమమన్న చిత్రకావ్యము గానేరదు. అది వ్యంగ్యప్రధానమైన రచన. పేరొక్కటే యైనంతమాత్రాన జాతి యొక్కటి గాదు.

తెలుగుదేశమునకు బొమ్మలవరుసతో కథచెప్పుట యనుశ్రుతముగా వచ్చుచున్నదే. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములందు రామాయణకథ గడులు గడులుగా వ్రాయబడి, గడులవెంబడి తెలుగక్షరములలో కథావిషయము పట్టీగా నడచును. చేర్యాల నకాశీవారి పటములలో కులపురాణములు మీదినుండి క్రిందికి వరుసలుగా జిత్రింపబడును. పటమును విప్పుచు గాయకుడు కథ పాడును. ఇచ్చట రెండు గడుల నడుమ చోటును నింపువాడు గాయకుడు. అచ్చుపుస్తకమున గాయకుడు లేడు. అతని పని పఠితకు సంక్రమించినది. కావున బొమ్మ భావనాశక్తిని కుంటుపరచు నను మొదటి యాక్షేపము నిలువదు. చెడ్డ చిత్రకథ మాటతో జెప్పినదానినే బొమ్మతో మరల జెప్పి పఠితకు బని లేకుండ జేయును. ఆ దోషము కవిదే కాని ప్రక్రియది గాదు. అర్థమంతయు దానే విప్పిచెప్పు పద్యకావ్యమునకును ఈ దోషము గలదు.

సచిత్రకథకును చిత్రకథకును భేద మెరుగవలయును. కథ పూర్తిగా మాటలలో నుండి, బొమ్మ దాని కలంకారమైనచో నది సచిత్రకథ. మాటయు బొమ్మయు జెరిసగము భారము మోసి, ఒకటి తీసివేసినచో రెండవది కూలిపోవునది చిత్రకథ. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడును బుజ్జాయి యను పేర బ్రసిద్ధుడునగు సుబ్బరాయశాస్త్రి (1931–2022) రచనలు రెండవ తెగకు జెందినవి. ఆంధ్రపత్రిక వారపత్రికలో నాతడు నడపిన డుంబు కథలయందు బాలుని యల్లరికి మాటలు తక్కువ, రేఖలు నెక్కువ. ఇలస్ట్రేటెడ్ వీక్లీ పత్రికకై యాతడు గీసిన పంచతంత్రము తెలుగు చిత్రకారుని చేతిపనిని దేశమున కంతటికిని జూపినది. జంతువులచేత మాటలాడించుట కవికి సులభము. మాటలాడక ముందే వాని స్వభావమును నిలుచుతీరున జూపుట చిత్రకారునికి గష్టము. ఆ కష్టమును బుజ్జాయి యవలీలగా దాటినాడు.

ఇక చందమామ. 1947 జూలైలో చక్రపాణి నాగిరెడ్డిగారలు చెన్నపురినుండి వెలువరించిన యీ మాసపత్రిక లక్షణమునుబట్టి సచిత్రకథాపత్రికయే. అయినను తెలుగు పఠితకు చిత్రకథాభిరుచి నలవరచినది ముఖ్యముగా నదియే. చిత్ర, వడ్డాది పాపయ్య, శంకర్ మొదలగువారి బొమ్మలు లేని చందమామను ఊహింప నలవి గాదు. బేతాళకథల తలపుటపై శంకర్ గీసిన బొమ్మలో విక్రమార్కుడు భుజమున శవమును, చేత ఖడ్గమును ధరించి నడచుచుండును. నెలనెలయు నదే రాజు, అదే శవము, అదే శ్మశానము. పఠితకు విసుగు పుట్టదేల? అచ్చటను రసము ఖాళీచోటనే యున్నది. బేతాళుడు కథ ముగించి ప్రశ్న వేయును. రాజు బదులు చెప్పును. ఆ రెంటి నడుమ నొక క్షణము కలదు. ఆ క్షణమున పుట త్రిప్పకుండ నాగి, రాజుకంటె ముందు దా నుత్తరము చెప్పుకొన్న బాలుడే యుత్తమపఠిత. మూలమున బేతాళకథ లిరువదియైదే. చందమామ వానిని దాటి వందలకొలది క్రొత్తకథల నా చట్రమున బిగించినది. వీనిలో గొన్నిట ప్రశ్న కథనుండి సహజముగా బుట్టక, చట్రము కొరకై యతికించినట్లున్న దని యొప్పుకొనవలసినదే.

రెండవ యాక్షేపమునకు సమాధానము పునఃపఠనమున గలదు. నందిగామలో నెనిమిదేండ్ల బాలు డొకడు దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికను జదివినా డనుకొందము. 1954లో మొదలైన తోకచుక్క గాని, తరువాతి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయలలో నేదేని గాని కావచ్చును. అప్పు డాతడు చదివినది భయముతో. చిత్ర గీసిన మాంత్రికుని కన్ను, రాకాసి గోరు, కొండచరియ యంచున నిలిచిన వీరుని పాదము, ఇంతే యాతడు జూచినది. ఆ బాలుడే నలువదేండ్ల వయస్సున మరల జదివినచో, ప్రతినెల భాగమును రచయిత యెచ్చట ద్రెంచినాడో, ఆ త్రెంపు మరుసటి నెలవరకు నెట్లు నిలిచెనో గమనించును. డెబ్బదవ యేట జదివినచో, కథలో దుష్టుడు మొదటినుండి తుదివరకు దుష్టుడుగనే యున్నాడనియు, స్త్రీపాత్రల కవకాశము మిక్కిలి తక్కువయనియు, అపాయములు మారుచున్నను వీరుల మనస్సులు మారలేదనియు గూడ గుర్తించును. గుర్తించియు విడువడు. దోషము నెరిగి ప్రేమించుట బాల్యము గాదు. కావ్యాభ్యాసముచే మనస్సు అద్దమువలె నిర్మలమైనవాడు సహృదయుడని యభినవగుప్తపాదుని యభిప్రాయము. ఆ యభ్యాసము రఘువంశముతో మొదలైనను చందమామతో మొదలైనను అద్దము తుడువబడుటయే ప్రధానము.

ఇంకొక విశేషము గలదు. చందమామలో నా ధారావాహికలు రచయిత పేరు లేకుండ వెలువడినవి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980 వరకు సంపాదకబాధ్యత వహించియు, తన పేరును పత్రికలో మెరయింపలేదు. ఏ కథ యెవ్వరిదో, ఏ బొమ్మ యెవ్వరిదో పఠితలకు దెలియకుండెను. శైలిభేదమును, రేఖాభేదమును, బొమ్మ మూలనున్న చిన్న సంతకమును బట్టి కర్తలను వేరుచేసి, సంపుటముల వరుస గూర్చి, కొరవడిన సంచికలను వెదకి తెచ్చి, తాము గుర్తించినదాని నొండొరులకు దెలిపినవారిలో నీ పఠితలు ముఖ్యులు. సుబ్రహ్మణ్యముగారు 2010లో మరణించుటకు ముందే యాయన కృషి లోకమునకు దెలియుటయు, తరువాత నా కథలు గ్రంథరూపమున మరల వెలువడుటయు నిట్టివారి యాసక్తి ఫలమే యనవచ్చును. తాళపత్రములను సేకరించి పాఠభేదములను గుర్తించి కర్తృత్వమును నిర్ణయించు పండితులు చేయుపనికిని దీనికిని పద్ధతిలో భేద మేమున్నది? ప్రేమయే పరిశోధనకు దారితీసినది.

పండితులు తొందరపడి తీర్పు చెప్పినచో గలుగు కీడునకు పరదేశపు దృష్టాంత మొకటి చాలును. 1954లో న్యూయార్కునందు ఫ్రెడరిక్ వర్థామను మానసికవైద్యుడు చిత్రకథలు బాలుర నేరముల బాలు చేయుచున్నవని గ్రంథము వ్రాసెను. దేశమున గగ్గోలు పుట్టెను. ప్రచురణకర్తలు భయపడి తమకు దామే కఠిననియమావళి విధించుకొనిరి. అనేక పత్రికలు మూతపడెను. ఆ నియమావళి 2011వరకును నామమాత్రముగానైన నిలిచెను. 2012లో కారల్ టిల్లీ యను పరిశోధకురాలు వర్థాము విడిచిన కాగితములను గ్రంథముతో సరిచూచి, బాలుర మాటలను ఆతడు మార్చియు గూర్చియు బ్రకటించినట్లు నిరూపించెను. వ్రాతప్రతిని సరిచూడక తీర్పు నంగీకరించినందుకు దేశ మొక ప్రక్రియను అరువదియేండ్లు చులకన చేసినది.

ఇక మూడవ యాక్షేపము. చిత్రకథాప్రియులు సభలు గూడుట 1970లో అమెరికాలోని సాన్ డియేగో నగరమునను, 1975లో టోకియోనందును బ్రారంభమై, 2011లో ఢిల్లీకిని, 2013లో హైదరాబాదునకును వచ్చినది. అచ్చట చిత్రకారులు తమ రచనల నమ్ముకొందురు, పఠితలు వారిని జూతురు, పెక్కండ్రు తమకిష్టమైన పాత్రల వేషములు ధరింతురు. పెద్దలైనవారు వేషము గట్టుట చూచి నవ్వువారు కృష్ణామండలమున నుండరాదు. కూచిపూడివారి నేల యిది. పగటివేషగాడు రాముడై వీథిలో నిలిచినప్పుడు నవ్వినవారు లేరు. మెట్టసీమ జనులకు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు తెలియనివి గావు. రెండేండ్లకొకమారు అమ్మవారి విగ్రహములను రంగులు దిద్దించుటకై జగ్గయ్యపేటకు గొనివచ్చి, పని ముగిసినపిదప నూరేగింపుగా మరల గొనిపోవుదురు. దారిపొడవున జనులు చూచునది కొయ్యను రంగును మాత్రమే కాదు. తాము చిన్ననాటినుండి విన్న తిరుపతమ్మ గోపయ్యల కథను. కథ యెరిగినవారందరు నొక్కచోట జేరి తమకథ తమదే యని యొండొరుల ముఖములలో జూచుకొనుట తిరునాళ్ల సారము. చిత్రకథాసభయు నిట్టిదే. దైవభక్తికిని కథాసక్తికిని గల యంతరము స్పష్టమే. పోలిక కూడికయొక్క స్వరూపమున మాత్రమే. కాని వర్తకుల యార్భాటమును, పరదేశపు వీరుల వేషముల వెల్లువలో డుంబువంటి తెలుగు పాత్రలు మరుగుపడుటయు నా సభలలోని కొరత.

కొరతలలో గొప్పది వేరొకటి. ధనబోడులోని మాంధాత కథ యిచ్చట మరల జ్ఞప్తికి రావలయును. 1938లో పది సెంట్లకు అమ్ముడుపోయిన యాక్షన్ కామిక్సు మొదటి సంచిక ప్రతి యొకటి 2024లో వేలమున 60 లక్షల డాలర్లు పలికినది. సూపర్‌మాన్ మొదట గనబడిన సంచిక యది. అట్టి ప్రతులను చదువుటకు వీలులేకుండ గాజువంటి పెట్టెలలో ముద్రవేసి దాచుట పరిపాటి యైనది. నాణెముల వాన కురియుచున్నది, చేయి పైకెత్తియే యున్నది. విప్పి చదువని చిత్రకథకు గడుల నడుమ చోటు లేదు. అచ్చట రసము లేదు. అది ధనబోడు మాత్రమే. మన ప్రాంతములలో విలువ లంతదూరము పోకున్నను, పాతసంచికలను మూటగట్టి యెవ్వరికిని జూపనివారు లేకపోలేదు. సహృదయునికిని సంగ్రాహకునికిని భేద మిదియే: మొదటివాడు చదివినదానిని మరియొకనిచేత జదివించును, రెండవవాడు ముట్టనీయడు. ఆజన్మాభిమానము కొలువవలసినది కూడబెట్టిన సంచికల సంఖ్యచేత గాదు, వానిని జదివిన చేతుల సంఖ్యచేత.

చందమామ 2013 నాటికి నిలిచిపోయినది. శంకర్ 2020లో, బుజ్జాయి 2022లో నస్తమించిరి. చౌకకాగితముపై నచ్చొత్తిన యా సంచికలు పసుపువారి పెళుసెక్కుచున్నవి. పాతకాగితముల వర్తకునికి దూకమునకు బోయినవి పోగా మిగిలినవి కొలదిమాత్రమే. ఇట్టియెడ పాఠశాలాపండితులు చేయదగినది గలదు. నందిగామ జగ్గయ్యపేటల పాఠశాలలయందును గ్రంథాలయములయందును మూలబడిన సంపుటములను గుర్తించి, ఒక్కొక్క కథకు రచయితను, చిత్రకారుని తెలిసినంతవరకు బట్టికలో జేర్చి, బాలురు ముట్టుటకు వీలుగా నుంచవలయును. చిత్రకారుని పేరు పట్టికలో లేనంతకాలము ఆతడు కవి గాడనియే లోకము తలచును.

జగ్గయ్యపేటకు రంగులకై వచ్చిన తిరుపతమ్మ ప్రతిమారును తన యూరికి మరలిపోవుచున్నది. అదే యూరినుండి వెడలిన మాంధాత చెన్నపురిలో నిలిచిపోయినాడు. ఆతని యెత్తిన చేతి క్రింద నిలిచి, తరువాత జరిగినదానిని ప్రక్కనున్న బాలునికి జెప్పగల పెద్ద యొకడున్నంతకాలము ఆ శిల్పము ముగియని కథయే. చెప్పువాడు లేనినాడది రాయి.